ఇల్లు సర్దే పనిలో ముందుకెళ్ళాలంటే సర్టిఫికెట్ కోర్సు చెయ్యాలా, ఇంకేమైనా నేర్చుకోవాలా?

ప్రశ్న: సర్దుబడి (హైదరాబాద్)

నమస్తే అండి. రెండేళ్ళ నుంచి హోమ్ ఆర్గనైజర్‌గా పని చేస్తున్నాను. ఎక్కువగా మణికొండ, కొండాపూర్ వైపు రెండు, మూడు పడక గదుల ఫ్లాట్లు. నాతో పాటు ఇంకో అమ్మాయి వస్తుంది. ఈ ఏడాది నేర్చుకోవడానికని 40 వేలు పక్కన పెట్టాను, ఎక్కడ ఖర్చు పెట్టాలో తేలడం లేదు.

ఇబ్బందులు ఇవీ. చదరపు అడుగులు చూసి రేటు చెబుతున్నాను. 1200 అడుగుల ఫ్లాటు ఒకటి రెండు రోజుల్లో అయిపోతే, అంతే ఉన్న ఇంకో ఫ్లాటు ఐదు రోజులు పడుతోంది. సర్ది వచ్చిన మూడు నెలలకు వంటిల్లు మళ్ళీ మొదటికొస్తోందని కొందరు ఫోన్ చేస్తున్నారు. విదేశీ సంస్థల సర్టిఫికెట్ ఉంటే గేటెడ్ కమ్యూనిటీల్లో పని సులువుగా దొరుకుతుందని కొందరంటున్నారు. అది ఎంతవరకు నిజం? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: కొలతటేపు

ముందు అంచనా సంగతి చక్కబెట్టుకోండి. దానికి 40 వేలు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు.

మన పనిలో సమయం తినేది నేల కాదండి, నిర్ణయాలు. ఏ వస్తువు ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది ఎక్కడ పెట్టాలి అని ఇంటివాళ్ళు ఎన్నిసార్లు ఆలోచించాలో లెక్కపెట్టండి. బీరువాలో 200 చీరలు ఉన్నాయనుకోండి. ఒక్కో చీరకు నిర్ణయానికి ఒక నిమిషం, మడత మార్చి పెట్టడానికి రెండు నిమిషాలు. మొత్తం 600 నిమిషాలు, అంటే పది గంటలు. అది ఒక్క బీరువా. కాగితాలు ఇంకా మోసం చేస్తాయి. అడుగు ఎత్తు దొంతర అంటే సుమారు 3 వేల కాగితాలు. ఒక్కోదానికి 5 సెకన్లే పెట్టినా నాలుగు గంటలు దాటుతుంది. ఆ దొంతర మూడు చదరపు అడుగుల చోటు కూడా తీసుకోదు. చదరపు అడుగుల లెక్క తప్పేది ఇక్కడే.

వంటింటికైతే అరల పొడవు కొలవండి. పైన కింద కలిపి అన్ని అరల పొడవూ కూడితే మామూలు ఫ్లాటు వంటింట్లో 60 నుంచి 80 అడుగులు తేలుతుంది. తీసి, తుడిచి, వేరు చేసి, తిరిగి పెట్టడానికి ఒక మనిషికి గంటకు నాలుగు అడుగులు అనుకుని మొదలుపెట్టండి. 70 అడుగులంటే పదిహేడు, పద్దెనిమిది మనిషి గంటలు. ఇద్దరికి ఒక రోజు కంటే కొంచెం ఎక్కువ. ఈ నాలుగు అనే అంకె మీ చేతికి తగ్గట్టు మారాలి. అందుకే నోటుబుక్కు. ప్రతి ఇంట్లో ప్రతి గదికీ ఇవి రాసుకోండి: అరల అడుగులు లేదా వస్తువుల సంఖ్య, మీరు చెప్పిన గంటలు, నిజంగా పట్టిన గంటలు, ఆలస్యం ఎందుకైంది. పది ఇళ్ళు రాశాక మీ అంకె మీకే దొరుకుతుంది. దాన్ని ఏ కోర్సూ ఇవ్వలేదు.

ఇంటివాళ్ళు పక్కన కూర్చుంటారా లేదా అన్నది కూడా రాయండి. భార్యాభర్తలిద్దరూ కలిసి నిర్ణయించాల్సిన సామాను, పెళ్ళికి వచ్చి పేర్లు చెక్కించి ఉన్న స్టీలు గిన్నెలు, పోయినవాళ్ళ బట్టలు, పిల్లల స్కూలు పుస్తకాలు, వీటికి సమయం రెట్టింపు వేసుకోవాలి. అక్కడ చెయ్యి ఆగుతుంది, ఆగాలి కూడా.

మొదటి సందర్శనకు గంట నుంచి గంటన్నర పెట్టుకుని, దానికి డబ్బు తీసుకోండి. టేపుతో అరల వెడల్పు, లోతు, ఎత్తు కొలవండి. తలుపు తీశాక దొరికే ఖాళీ కొలవాలి గానీ అలమర లోపలి వెడల్పు కాదు. హింజులు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి, లోపల చక్కగా పట్టిన బుట్ట బయటికి లాగితే వాటికి తగిలి ఆగిపోతుంది. రెండు వైపులా కలిపి అంగుళంన్నర, రెండు అంగుళాలు వదలండి. బుట్టలు, డబ్బాలు కొనడం ఎప్పుడూ వేరు చేసిన తరవాతే. ముందే కొంటే సగం సామాను వెళ్ళిపోయాక ఖాళీ బుట్టలు మిగులుతాయి, అవి సర్దడానికి ఇంకో చోటు వెతకాలి.

డబ్బాల విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటి. దుకాణంలో అంకె లీటర్లలో ఉంటుంది, ఇంట్లో సరుకు కిలోల్లో ఉంటుంది. కందిపప్పు లీటరుకు 800 గ్రాముల చిల్లర పడుతుంది. అందుకే కిలో ప్యాకెట్టు లీటరు డబ్బాలో పట్టదు, చివర పావుకిలోకి రబ్బరు బ్యాండు వేసి డబ్బా పక్కన పెడతారు. అలాంటివి పది పోగైతే అర నిండిపోతుంది. కిలో పప్పుకు లీటరున్నర డబ్బా కొనండి. గోధుమపిండి ఇంకా తేలిక, లీటరుకు 550, 600 గ్రాములే, కాబట్టి 5 కిలోల సంచికి తొమ్మిది పది లీటర్లు కావాలి. బియ్యం కూడా లీటరుకు 800 గ్రాములే. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టాక మన దగ్గర బస్తా 26 కిలోలైంది. బస్తాకు 32, 33 లీటర్లు, కొలపాత్ర తిరగడానికి ఖాళీ కలిపి 36 లీటర్ల డబ్బా. 25 కిలోల డబ్బా అని కొంటే మిగిలిన బియ్యం బస్తాలోనే ఉండి, మూతి కట్టిన బస్తా మూలన నిలబడుతుంది. కొత్త బియ్యం పోసే ముందు పాతవి తీసి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తవి కింద, పాతవి పైన వేయాలని ఇంటివాళ్ళకు చూపించి రండి. పాతవి అడుగునే ఉండిపోతే పురుగు అక్కడే మొదలవుతుంది.

జవాబు: అట్లాంటా నుంచి

సర్టిఫికెట్ల గురించి నేను చెబుతాను, ఇక్కడ వాటి మధ్యే పని చేస్తున్నాను కాబట్టి.

అమెరికాలో ఈ వృత్తికి పెద్ద సంఘం నాపో, 1985లో మొదలైంది. మొదట్లో ఇళ్ళూ ఆఫీసులూ సర్దేవాళ్ళ సంఘం. తరవాత పేరులో ప్రొడక్టివిటీ అనే మాట కూడా చేరింది, ఎందుకంటే సామానుతో పాటు క్లయింట్ల సమయం, ఈమెయిల్, పనుల జాబితా చక్కదిద్దేవాళ్ళు కూడా ఇందులోనే ఉన్నారు. దాంట్లో తరగతి పూర్తి చేసినందుకు ఇచ్చే సర్టిఫికెట్ వేరు, సీపీవో (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ ఆర్గనైజర్) అనే గుర్తింపు వేరు. సీపీవోకి డబ్బు తీసుకుని చేసిన పనిగంటల రుజువు చూపాలి, పరీక్ష రాయాలి, గడువు తీరాక మళ్ళీ నిలబెట్టుకోవాలి. ఈ రెండిటినీ ఒకటే అనుకుని తరగతికి డబ్బు కట్టకండి. కొన్‌మారి కన్సల్టెంటు కోర్సు జపాన్ ఆవిడ మారీ కొండో పెట్టిన ఒక పద్ధతికి కట్టుబడి ఉంటుంది: బట్టలు, పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివర జ్ఞాపకాల వస్తువులు, ఈ వరస తప్పకూడదు. ఆ పద్ధతి కావాలని అడిగే క్లయింట్లు మీకుంటేనే అది పనికొస్తుంది. మన ఇళ్ళల్లో నాకు కనిపించే చిక్కు ఏమిటంటే, బట్టలన్నీ ఒకేసారి కుప్ప పోసే చోటు ఉమ్మడి ఇంట్లో దొరకదు. అత్తగారి చీరలు కోడలి ముందు కుప్ప పోయడం కుదరదు.

ప్రవాస తెలుగువాళ్ళ పని ఇక్కడ కొంచెం వేరుగా ఉంటుంది. సూట్‌కేసుల్లో తెచ్చిన స్టీలు సామాను, గరాజ్‌లో రెండేళ్ళ పప్పుల నిల్వ, సెలవులకు వచ్చే తల్లిదండ్రుల కోసం ఉంచిన గది. భాష తెలిసినవాళ్ళు కావాలని అడుగుతారు. వీడియోలో కూర్చుని క్లయింటు చేతులతోనే సర్దించే పని మీరు హైదరాబాద్ నుంచి కూడా చెయ్యొచ్చు. గంటన్నర సెషన్, ఒక్కసారికి ఒకే సొరుగు లేదా ఒకే అర. ముందు రోజే ఫోటో తెప్పించుకోవాలి.

మీ డబ్బులో ఒక భాగం తప్పకుండా పెట్టమని చెప్పేది ఇంకోచోట. వస్తువులు వదులుకోలేని జబ్బు గురించి నేర్చుకోండి. 2013లో వచ్చిన డీఎస్ఎం 5 (అమెరికా మానసిక వైద్యులు వాడే వ్యాధుల పుస్తకం)లో ఈ జబ్బును, అంటే హోర్డింగ్ డిజార్డర్‌ను విడి వ్యాధిగా చేర్చారు. ఐసీడీ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ చాలెంజింగ్ డిసార్గనైజేషన్) అనే సంస్థ ఇల్లు చూసి అంచనా వెయ్యడానికి ఐదు స్థాయిల కొలమానం తయారుచేసింది. తొమ్మిది ఫోటోలతో గది ఏ స్థితిలో ఉందో పోల్చి చూసే ఇంకో పద్ధతి ఉంది, నాలుగో ఫోటో లేదా ఆపైదానితో పోలితే మామూలు చెత్తాచెదారం సంగతి కాదని లెక్క. మన పెద్దవాళ్ళు ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ కవర్లు దాచుకోవడాన్ని దీంతో కలపకండి. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, మంచం మీద పడుకుంటారు, తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇవి జరగనప్పుడు, ఒక్క కాగితం తీస్తే ఆ మనిషి వణికిపోతున్నప్పుడు అది మన పని కాదు.

అలాంటి ఇంట్లో పిల్లలు అడిగారని తల్లి ఊరెళ్ళినప్పుడు ఖాళీ చేయిస్తే, తిరిగొచ్చాక ఆవిడ ఎవరినీ లోపలికి రానివ్వరు, సామాను మళ్ళీ నిండుతుంది. మానసిక వైద్యుల సాయం ముందు, మన సాయం పక్కన. ఎర్రగడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 దగ్గర ఉంచుకోండి. ఈ రెండు వాక్యాలు మీ ఒప్పంద పత్రంలో కూడా రాయండి: ఏ పని చేస్తారు, ఏది మీ పరిధి కాదు.

జవాబు: అటకమెట్లు

మూడు నెలలకు ఇల్లు మొదటికి రావడం గురించి. కారణం చాలాసార్లు ఒక్కటే, గిన్నెలు తోమి పెట్టే ఆవిడను మనం లెక్కలోకి తీసుకోం. రోజుకు రెండుసార్లు వంటింట్లో సామాను తిరిగి పెట్టేది ఆవిడ. మీరు సర్దింది ఇంటావిడకు చూపించి ఫోటో తీసుకుని వస్తారు. మర్నాడు పొద్దున పని చేసే ఆవిడ తనకు చేతికందిన చోట పెడుతుంది. తప్పు ఆవిడది కాదు.

చివరి రోజు పని అయ్యాక ముప్పై నిమిషాలు ఆవిడతో గడపండి. తోమిన గిన్నెల బుట్ట ఆవిడ చేతికిచ్చి, మీరేమీ చెప్పకుండా పెట్టమనండి. ఏది ఎక్కడికి వెళ్ళిందో చూడండి. కుక్కరు మీరు అనుకున్న అరలోకి కాకుండా పొయ్యి కిందికి వెళ్తే, దాని చోటే పొయ్యి కింద. మీ ప్లానే మారాలి. లేబుళ్ళు తెలుగులో పెట్టండి, అక్షరాలు చదవలేనివాళ్ళున్న ఇంట్లో గిన్నె అడుగు ఆకారం గీసిన కాగితం అరలో అతికించండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే పోపుల డబ్బా, కాఫీ సామాను, మందులు మోకాలికీ కంటికీ మధ్య ఎత్తులో ఉండాలి. నేల నుంచి రెండడుగులు మొదలు ఐదడుగుల లోపు. వంగి తియ్యాల్సిన చోట పెట్టినవి వారం తిరక్కుండానే గట్టు మీదికొస్తాయి.

ప్రతి అరలో ఐదో వంతు ఖాళీ వదలండి. నింపేసి ఫోటో తీస్తే అందంగా ఉంటుంది. పండక్కి కొత్త గిన్నెలో, చుట్టాలు తెచ్చిన స్వీట్ల డబ్బాలో వస్తే పెట్టడానికి చోటుండదు, అవి డైనింగు టేబుల్ మీద చేరతాయి.

అటక సంగతి కూడా. పెట్టె బరువు ఎనిమిది కిలోలు మించకూడదు. నిచ్చెన మీద రెండు చేతులతో పట్టుకుని దిగేది ఒక మనిషే. గంగాళాలు, ఇత్తడి కొప్పెరలు పెట్టెల్లో పెట్టకండి, పాత పంచె చుట్టి లోపలి గోడ వైపు. పెట్టెకు ముందు వైపు అంకె వేసి, అంకెల జాబితా బీరువా తలుపు లోపల అతికించండి. ఫోన్లో జాబితా పెడితే ఇంట్లో మిగతావాళ్ళకు అది లేనట్టే.

ఇంకొకటి, మూడు వారాల తరవాత గంట సందర్శన ముందే రేటులో కలపండి. మూడు నెలలు ఆగితే ఏది ఎందుకు జారిందో కనుక్కోలేం. మూడు వారాలకైతే ఒకటో రెండో చోట్లే మారి ఉంటాయి, అక్కడే సరిచెయ్యొచ్చు.

జవాబు: లెక్కాపత్రం

రేటు గురించి కొలతటేపు గారు చెప్పిన గంటల లెక్క మీ లోపలికి ఉంచుకోండి. క్లయింటుకు గంటల లెక్క చెప్పవద్దని నా అభిప్రాయం. గంటల లెక్కయితే ఇంటివాళ్ళు గడియారం చూస్తారు, అమ్మమ్మ ఫోటోల పెట్టె దగ్గర తొందరపడి తరవాత బాధపడతారు. గదికి ఒక రేటు, దాంట్లో ఎన్ని మనిషి గంటల వరకో రాయండి, అంతకు మించితే ముందే అడిగి పెంచండి. మీరు ఇంట్లో పని చేసే ఎనిమిది గంటలకు వెనక సందర్శన గంటన్నర, ప్రయాణం రెండు గంటలు, డబ్బాల షాపింగ్ మూడు గంటలు, దానం సామాను దింపడం గంట, నోట్సు అరగంట ఉంటాయి. అవీ ఎనిమిది గంటలే. ఈ రెండో ఎనిమిది రేటులో లేకపోతే మీరు సగం కూలికి పని చేస్తున్నట్టు.

డబ్బాలు, బుట్టలు మీ పేరుతో కొని క్లయింటు బిల్లులో కలపకండి, దుకాణానికి వాళ్ళనే నేరుగా కట్టమనండి. మీ పేరుతో కొని అమ్మితే ఆ మొత్తం మీ టర్నోవర్లోకి వస్తుంది. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన) రిజిస్ట్రేషన్ ఉచితం, మధ్యవర్తులకు డబ్బివ్వకండి.

బంగారం, డబ్బు, పత్రాలు. పాత హ్యాండ్‌బ్యాగుల్లో, బియ్యం డబ్బా అడుగున, పట్టుచీర మడతల్లో దొరుకుతాయి. పని మొదలుపెట్టగానే మూతలేని ఒక ట్రే హాల్లో అందరికీ కనబడేలా పెట్టి, దొరికినవన్నీ అందులో వెయ్యండి. సాయంత్రం ఇంటివాళ్ళ ముందు ఒక్కొక్కటీ చెప్పి, కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. మీతో పనికి వచ్చే అమ్మాయిని పడకగదిలో ఒంటరిగా ఉంచకండి, ఆ అమ్మాయి భద్రతకు కూడా. ప్రతి బ్యాగు, ప్రతి కోటు జేబు చూశాకే దానం సంచిలోకి. సంచి గుమ్మం దాటే ముందు ఇంటివాళ్ళు ఒకసారి చూడాలి. గూంజ్ లాంటి సంస్థలకు ఉతికిన, వేసుకోదగ్గ బట్టలే ఇవ్వండి.

ఫోటోలకు రాతపూర్వక అనుమతి తీసుకోండి. మీ దగ్గర ఉంచుకుని వాడుకోవడానికి ఒకటి, ఇన్‌స్టాలో పెట్టడానికి ఇంకొకటి, రెండూ వేరు. వెనక గోడ మీద పిల్లల స్కూలు సర్టిఫికెట్, మందుల సీసా మీద పేరు కనబడకుండా చూసుకోండి. కాగితాల పనిలో మీరు ఏదీ చింపకండి. జీఎస్టీ ఉన్న వ్యాపారులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. మిగతావి వాళ్ళ సీఏని అడిగి తేల్చమనండి. వారంటీ బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీద ఉంటాయి, ఏడాదికే తెల్లబడతాయి, అవి దొరికిన రోజే జిరాక్స్ తీయించి అసలుకు పిన్ను కొట్టండి.

సర్దుబడి మళ్ళీ:

అందరికీ చాలా థాంక్స్ అండి. అరల అడుగుల లెక్క రేపే మొదలుపెడతాను. రెండు సందేహాలు. వచ్చే వారం పనికి కోడలు పిలిచింది, స్టోర్ రూములో ఎక్కువ సామాను అత్తగారిది. ఆవిడ ఏమీ అనదు, మీరు తీసెయ్యండి అంటోంది కోడలు. పట్టుచీరలకు ప్లాస్టిక్ జిప్ కవర్లు కొనమంటున్నారు, కొనొచ్చా?

కొలతటేపు:

కవర్లు వద్దు. ప్లాస్టిక్‌లో చెమ్మ నిలిచి జరీ నల్లబడుతుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డ, పాత పంచె చాలు. జరీ లోపలికి వచ్చేలా మడిచి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే మడత గీత మీదే చీలుతుంది. కలరా ఉండలు చీరకు తగలకూడదు, చిన్న గుడ్డలో మూట కట్టి అర మూలన ఉంచండి. బీరువా అర మీద కాగితం పరచాల్సి వస్తే న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

అటకమెట్లు:

అత్తగారి విషయంలో కోడలి మాట చాలదండి. మొదటి సందర్శనలో అత్తగారితో పది నిమిషాలు విడిగా కూర్చోండి, సామాను పేరెత్తకుండా. స్టోర్ రూములో రోజూ వాడేవేవి, దొరకనివేవి అని అడగండి. పచ్చళ్ళ జాడీలు ఎత్తలేకపోతున్నానో, వెలుతురు లేదనో చెబుతారు. ముందు ఆ పని చేసిపెట్టండి. జాడీలు నడుము ఎత్తు అరలోకి, గదిలో ఇంకో లైటు. ఆ తరవాత తీసెయ్యాల్సినవి ఆవిడే చూపిస్తారు. చూపించకపోతే ఆ సామాను ముట్టుకోకండి, కోడలి అరల వరకే రేటు చెప్పండి. ఎవరి వస్తువు గురించి వాళ్ళే నిర్ణయిస్తారని ఒప్పంద పత్రంలో మొదటి వాక్యంగా పెట్టుకుంటే కోడలికి చెప్పడం కూడా మీకు సులువవుతుంది.